ఏఐ బ్రాంచా, కంప్యూటర్ సైన్సా? ముందు మీ భయం సంగతి చూద్దాం

ప్రశ్న: నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. మా టీమ్‌లో చాలా పని ఇప్పుడు ఏఐతోనే అయిపోతోంది. నా ఉద్యోగం ఎన్నాళ్లుంటుందో తెలియదు. మా అబ్బాయి పన్నెండో తరగతి పూర్తి చేస్తున్నాడు. వాణ్ని కంప్యూటర్ సైన్స్‌లో చేర్చాలా, ఏఐ స్పెషలైజేషన్‌లోనా? ఎలక్ట్రానిక్స్ ఇష్టమంటాడు కానీ రిస్క్ తీసుకోలేం. రోజంతా ఫోన్‌లోనే ఉంటాడు, అదో టెన్షన్.

జవాబు: అమ్మా, ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతున్నారు. వాళ్లలో సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే తల్లిదండ్రులే ఎక్కువ. అడిగేది బ్రాంచి గురించే అయినా లోపలున్న దిగులు ‘నా ఉద్యోగం పోతే ఎలా’ అని. ఆ దిగులు న్యాయమైనదే. దానికి మందు మాత్రం మీ పనిలో వెతుక్కోవాలి, కొడుకు సీటులో కాదు.

ఏఐ పేరుతో వస్తున్న డిగ్రీల మీద నాకు అనుమానాలున్నాయి. చాట్‌జీపీటీ వచ్చింది 2022 నవంబరులో. అంతకు ఏడాది ముందు కోర్సులో చేరిన పిల్లలు చదువు పూర్తిచేసేసరికి ఈ రంగం రూపమే మారిపోయింది. ఇవాళ నేర్పే టూల్స్‌కీ అదే గతి పట్టొచ్చు. పాతబడనివి వేరే ఉన్నాయి. ఇవాళ్టి ఏఐకి పునాది అయిన న్యూరల్ నెట్‌వర్క్‌లకు శిక్షణనిచ్చే బ్యాక్‌ప్రొపగేషన్ పద్ధతికి పేరు తెచ్చిన పరిశోధన పత్రం 1986 నాటిది. దాని వెనకున్న గణితం ఇంకా పాతది. లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, అల్గారిథమ్స్ గట్టిగా వచ్చినవాళ్లు ఏఐలోకి ఎప్పుడైనా వెళ్లగలరు. అందుకే రెండు సిలబస్‌లూ పక్కపక్కన పెట్టి, కొత్త సబ్జెక్టుల కోసం ఏవి తీసేశారో చూడండి. ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్ లాంటివి పోయుంటే ఆ బ్రాంచి వద్దు. అవన్నీ ఉంటే ఏది తీసుకున్నా పెద్ద తేడా లేదు.

ఇక ఏ ఉద్యోగం పోతుంది, ఏది ఉంటుంది అన్న జోస్యాలు. ఐదేళ్లలో, మహా అయితే పదేళ్లలో స్కాన్‌లు చూడడంలో యంత్రాలు డాక్టర్లను మించిపోతాయని, రేడియాలజిస్టులను తయారుచేయడం ఆపేయాలని 2016లో ఏఐ పరిశోధకుడు జెఫ్రీ హింటన్ అన్నారు. 2024లో ఫిజిక్స్ నోబెల్ అందుకున్న ఇద్దరిలో ఆయనొకరు. స్కాన్‌లు చదవడంలో ఏఐ నిజంగానే బాగా ఎదిగింది. అయినా రేడియాలజిస్టుల అవసరం తీరిపోలేదు, ఎందుకంటే వాళ్ల పని బొమ్మ చూడడంతో అయిపోదు. అంతటివాడికే అందని లెక్కను మనం వేసి, దాని మీద పిల్లవాడి చదువు పెడదామా?

కాస్త గట్టిగానే చెబుతున్నాను, ఏమీ అనుకోకండి. వాడి ఇష్టం గురించి మీరు రాసింది ఒక్క ముక్క. దాన్నీ ‘కానీ’ అని అక్కడే కొట్టేశారు. ఏఐ నడిచే చిప్‌లను తయారుచేసేది ఎలక్ట్రానిక్స్ వాళ్లేనని మీకు తెలియదా? ఫోన్‌లో వాడు ఏం చూస్తాడో కూడా రాయలేదు. సర్క్యూట్ల వీడియోలు చూడడం వేరు, రీల్స్‌లో మునిగిపోవడం వేరు. పక్కన కూర్చుని అడగండి, అదీ మీ లాప్‌టాప్ మూసేశాక. లేఆఫ్‌ల మాటలు వాడి ముందు రోజూ నడుస్తుంటే, ఆ భయంతోనే మీకు నచ్చిన జవాబు చెప్పేస్తాడు. అది వాడి ఇష్టం అనుకోవద్దు.

మూడు బ్రాంచిల సిలబస్‌లూ వాడి చేతికిచ్చి, ఏ సబ్జెక్టులు చదవాలనిపిస్తోందో గుర్తు పెట్టమనండి. అప్పటిదాకా మీరు ఏమీ అనకండి. ఎలక్ట్రానిక్స్ అంటే నిశ్చింతగా చేర్చండి, ప్రోగ్రామింగ్ కూడా బాగా నేర్చుకోమని చెప్పండి. పద్దెనిమిదేళ్ల వయసులో తీసుకున్న బ్రాంచితో జీవితం బిగుసుకుపోదు, దారి మార్చుకోవడానికి వాడికి బోలెడు సమయముంది. మీ ఉద్యోగం గురించి మాత్రం విడిగా రాయండి. మీ పనిలో ఏ భాగం ఏఐకి వెళ్లింది, ఏది ఇంకా మీ చేతిలో ఉంది అన్నది వివరంగా చెబితే దాని గురించి మాట్లాడుకుందాం.