చెన్నైలో చలికాలపు జ్వరాల లెక్క ఎలా తెలుస్తుంది?

మాంబళంలో ఇంటిల్లిపాదికీ దగ్గు, జ్వరం వచ్చినా ఎవరూ పరీక్ష చేయలేదని, మరి ప్రభుత్వానికి లెక్క ఎలా తెలుస్తుందని ఒకరు అడిగారు. ఇలా జబ్బుల తీరును గమనిస్తూ ఉండటాన్నే నిఘా అంటారు; నిఘా అంటే ప్రతి రోగినీ లెక్కపెట్టడం కాదు. 38 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు మించిన జ్వరం, దగ్గు ఉండి, అవి మొదలై 10 రోజులు దాటకపోతే ఫ్లూ తరహా జబ్బుగానూ, ఆసుపత్రిలో చేర్చవలసినంత ముదిరితే తీవ్ర శ్వాసకోశ వ్యాధిగానూ నమోదు చేస్తారు. వీరిలో కొందరి ముక్కు, గొంతు నుంచి దూదిపుల్లతో తీసిన నమూనాలను చల్లటి పెట్టెలో గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ వంటి ప్రయోగశాలలకు పంపి, ఏ వైరస్ తిరుగుతోందో తేలుస్తారు. జబ్బు భారాన్ని చెప్పేది, నా దృష్టిలో, ఆసుపత్రి లెక్కే. శ్రీనగర్‌లో ఫ్లూ జనవరి–మార్చి నెలల్లో పెరిగితే, చెన్నైలో ఈశాన్య రుతుపవనాల వేళ, అక్టోబరు–నవంబరులో ఎక్కువగా కనిపించింది. అందుకే ఇక్కడి పెద్దవాళ్లకు ఫ్లూ టీకా ఈ వానలకు ముందే వేయించడం మేలు.