విప్పేసిన షెవెల్‌ను ఎవరు కొంటారు?

ప్రశ్న: మేము మిషిగన్‌లోని కాంటన్‌లో ఉంటున్నాం. నేను ఆటో విడిభాగాల కంపెనీలో ఇంజినీరును. హెచ్‌-1బీ మీద ఉన్నాను, గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసిన ఐ-140 పిటిషన్ ఆమోదం పొందింది. నా భార్య నా మీద ఆధారపడిన హెచ్‌-4 వీసాతో, ఈఏడీ అనే పని అనుమతితో ఉద్యోగం చేస్తోంది. ఇద్దరు పిల్లలు. గత వేసవిలో 24,000 డాలర్లు నగదు ఇచ్చి 1970 నాటి షెవర్లే షెవెల్ మలిబు కొన్నాను. 350 క్యూబిక్ అంగుళాల వీ8 ఇంజిన్, నడుస్తోంది. ఈ చలికాలంలో దాన్ని పూర్తిగా విప్పి బాడీ పని, రంగు, కొత్త తరం ఎల్‌ఎస్ ఇంజిన్, ఓవర్‌డ్రైవ్ గేర్‌బాక్సు, డిస్క్ బ్రేకులు, సీట్లు అన్నీ చేయించి, ఆగస్టులో జరిగే పాత కార్ల ఊరేగింపు వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్‌కు తీసుకెళ్ళాలని కోరిక. మొత్తం అంచనా 33,000. సేవింగ్స్‌లో 9,000 ఉన్నాయి. మిగిలిన 24,000కు హీలాక్ (ఇంటిని తాకట్టు పెట్టి కావాలన్నప్పుడు వాడుకునే అప్పు) 8.5 శాతానికి మంజూరైంది, నెలకు 170 డాలర్లే. ఇంటి ఖర్చు నెలకు 6,800, అన్నీ పోను 2,200 మిగులుతుంది. ఇండియాలో ఎన్‌ఆర్‌ఈ (ప్రవాస భారతీయుల) డిపాజిట్ 10 లక్షలుంది, అమ్మ మోకాలి ఆపరేషన్‌కని ఉంచాను. కారును మామూలు కారు పాలసీలోనే చేర్చాను. వేలాల్లో 1970 షెవెల్ ఎస్‌ఎస్‌లు (అదే కారులో శక్తిగల స్పోర్ట్స్ రకం) లక్ష డాలర్లు దాటుతున్నాయి కాబట్టి దీన్ని పెట్టుబడిగానే చూస్తున్నాను. వచ్చే వారం సంతకాలు. మీ సలహా?

జవాబు: హీలాక్ మీద సంతకం పెట్టకండి. కారును విప్పకండి.

మీ ఉత్తరాన్ని ఎంచుకున్నది కారు మీద మోజుతో కాదు. చలి మొదలవగానే నాకు ఇలాంటివి వరుసగా వస్తాయి. ఒకరు బేస్‌మెంట్ పూర్తి చేయిస్తామంటారు, ఒకరు బోటు బాగు చేయిస్తామంటారు, మీరు షెవెల్ అంటున్నారు. అందరి లెక్కల్లోనూ ఒకే గడి ఖాళీగా ఉంటుంది: పని మధ్యలో ఉండగా జీతం ఆగితే? మీరు బ్రేకు గొట్టాల దాకా ధరలు రాసి పంపారు. ఆరు నెలల ఇంటి ఖర్చు ఎక్కడ ఉంచారో మాత్రం రాయలేదు. ఎక్కడా లేదు కాబట్టే రాయలేదు.

సేవింగ్స్‌లోని 9,000తో నెలకు 6,800 ఖర్చయ్యే ఇల్లు నలభై రోజులు నడుస్తుంది. హెచ్‌-1బీ ఉద్యోగం పోతే మరో కంపెనీ చేత పిటిషన్ వేయించుకోవడానికో, స్టేటస్ మార్చుకోవడానికో, సామాను సర్దుకోవడానికో మీకుండే గడువు ఎక్కువలో ఎక్కువ 60 రోజులు. గడువు ఇంకా ఇరవై రోజులుండగానే డబ్బు అయిపోతుంది. ఇది కూడా మీ మీద దయతో వేసిన లెక్కే. ఆ 6,800లో ఆరోగ్య బీమా లేదు. మీ వాటా జీతంలోంచి కోత పడుతోంది, పెద్ద వాటా కంపెనీ కడుతోంది. ఉద్యోగం పోయాక అదే బీమాను కోబ్రా అనే చట్టం కింద కొనసాగించాలంటే రెండు వాటాలూ మీవే, పైగా 2 శాతం నిర్వహణ రుసుము. నలుగురున్న ఇంటికి అది నెలకు రెండు వేల డాలర్లు దాటడం మామూలే. దాన్ని కలిపితే నలభై రోజులు ముప్ఫైకి దిగుతాయి. ఆ ముప్ఫై రోజుల బియ్యాన్నే మీరు ఇంజిన్ కింద పోస్తానంటున్నారు.

రెండు జీతాలున్నాయి కదా అంటారేమో. రెండూ ఒకే మేకుకు వేలాడుతున్నాయి. మీ హెచ్‌-1బీ లేకపోతే ఆమె హెచ్‌-4కు ఆధారం లేదు, అది లేకపోతే ఈఏడీ లేదు. పక్కింట్లో అమెరికా పౌరులైన దంపతులకు మూడు నెలల ఖర్చుకు సరిపడే అత్యవసర నిధి చాలవచ్చు, ఎందుకంటే ఒకరి ఉద్యోగం పోయినంత మాత్రాన రెండోవారు ఇంట్లో కూర్చోనవసరం లేదు. మీకు ఆరు నెలలకు తగ్గకూడదు. అదీ 6,800 చొప్పున కాదు, బీమాతో కలిపి 8,800 చొప్పున. మొత్తం 52,800 డాలర్లు. అంకె పెద్దదని నాకూ తెలుసు. మీరున్నది ఆటో రంగం, అది కూడా విడిభాగాల వైపు. 2009లో జనరల్ మోటార్స్, క్రైస్లర్ రెండూ దివాలా కోర్టుకెక్కినప్పుడు వాటిని నమ్ముకున్న సరఫరాదారుల్లో ఎందరు మూతబడ్డారో మీ ఆఫీసులో తల నెరిసినవారెవరినైనా అడగండి.

గత వేసవిలో కారుకిచ్చిన 24,000 ఆ నిధిలో సగానికి దగ్గరగా ఉండేది. అయిపోయిన సంగతి కాబట్టి మళ్ళీ ఎత్తను.

ఇక, విప్పవద్దని ఎందుకన్నానో చెబుతాను. కొన్నేళ్ళ క్రితం ఒక ఫిబ్రవరిలో నా క్లయింటు ఒకాయన ఇంటికి వెళ్ళాను. 1968 ఓల్డ్స్‌మొబైల్ కట్లస్ ఆయనది. గరాజులో ఇనుప స్టాండ్ల మీద ఫ్రేము ఒక్కటే ఉంది. బాడీ పక్కన చక్రాల చెక్క మీద నిలబడి ఉంది. డ్యాష్‌బోర్డు వాషింగ్ మెషీన్ మీద, ముందు బంపర్ అతిథుల గదిలో మంచం కింద. బోల్టులన్నీ చిన్న ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి, ఒక్కో సంచి మీద మార్కర్‌తో ‘కుడి తలుపు, పై కీలు’, ‘ఎడమ ఫెండర్, కింద’ అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు. చమురు తగిలి కొన్నిటి మీద రాత చెరిగిపోయింది. ఆయన ఉద్యోగం అంతకు మూడు వారాల ముందే పోయింది. ఆ కారు నడుస్తున్న రోజుల్లో 20,000కు అడిగినవారున్నారు. దాన్ని విప్పి, మరో 11,000 అందులో పోశాక వచ్చిన ఏకైక బేరం 8,500. కొన్న మనిషి ట్రైలర్ తెచ్చుకుని, సంచులు లెక్కపెట్టుకుని మరీ పట్టుకెళ్ళాడు.

అతన్ని తప్పుపట్టలేం. విప్పిన కారులో ఏది ఉందో, ఏది పోయిందో కొనేవాడికి తెలియదు. ఆ భయానికి విలువ కట్టి ధరలోంచి కోసేస్తాడు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా మీ 24,000 కారు అలాంటి కుప్పగా ఉంటుంది. ఆ ఆరు నెలలూ సేవింగ్స్ సున్నా, ఇంటి మీద అప్పు నిండుగా, అమ్ముకోదగ్గ వస్తువు సంచుల్లో. మూడు ప్రమాదాలూ ఒకే ఋతువులో పడేలా మీరే ముహూర్తం పెట్టుకున్నారు.

అంచనా సంగతి కూడా చెప్పాలి. 33,000లో బాడీ పనికి, రంగుకు కలిపి 14,000 రాశారు. ఆ తరం షెవెల్‌లో తుప్పు ఎక్కడ దాక్కుంటుందో మీకు తెలియనిది కాదు: వెనక అద్దం కింది అంచు, డిక్కీ నేల, వెనక చక్రాల పైనుండే రేకు, ఫ్రేము వెనక భాగం, వినైల్ టాప్ ఉంటే దాని కింద మొత్తం. యాభై ఏళ్ళు మిషిగన్ రోడ్ల ఉప్పు తిన్న బండి అయితే చెప్పనే అక్కర్లేదు. బ్లాస్టింగ్ చేయించి రంగు వలిచేదాకా అక్కడున్నది రేకో, ఎవరో ఎప్పుడో మెత్తిన పుట్టీయో తెలియదు. వలవకముందు రాసిన 14,000 అంచనా కాదు, కోరిక.

‘పెట్టుబడి’ అన్న మాట దగ్గర నాకు ఓపిక తగ్గుతుంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, బోల్టు విప్పకముందే వేలం ధర రాసుకున్నారు. లక్ష దాటేవి 454 ఇంజిన్ ఎస్‌ఎస్‌లు, అందులోనూ 450 హార్స్‌పవర్ ఎల్‌ఎస్‌6 వంటివి, కాగితాలన్నీ పక్కాగా ఉన్నవి. మీది 350 మలిబు. 1970లో ఎస్‌ఎస్ అనేది ఆప్షన్ ప్యాకేజీ, వీఐఎన్ (కారు గుర్తింపు నంబరు) చూసి తేల్చలేం. అందుకే కొనేవాళ్ళు ఫ్యాక్టరీలో కారుకు ఏమేం బిగించారో రాసిన బిల్డ్ షీట్ అడుగుతారు, ఎస్‌ఎస్ బ్యాడ్జీలు అతికించిన మలిబులను చూసి చూసి విసిగిపోయారు కూడా. పైగా మీరు పాత ఇంజిన్ తీసేసి ఎల్‌ఎస్ పెడతానంటున్నారు. నడపడానికి హాయిగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ దానికి పెట్టిన డబ్బు అమ్మేటప్పుడు పూర్తిగా వెనక్కి రాదు. పాత ఇంజిన్ బ్లాకు మీద కారు వీఐఎన్‌లో కొంత భాగం అచ్చు వేసి ఉంటుంది, ఎప్పుడు తీసినా దాన్ని మాత్రం పారేయకండి. లాభం వస్తే పన్ను కట్టాలి, సొంత సరదాకు కొన్న వస్తువు మీద నష్టం వస్తే పన్నులో చూపించుకోలేరు. సరదా అనండి, నేనేమీ అనను. సరదాకు మిగులు డబ్బు ఖర్చు పెడతారు, ఇల్లు తాకట్టు పెట్టరు.

నెలకు ‘170 డాలర్లే’ అన్నారు. అది వడ్డీ ఒక్కటే. పదేళ్ళు తప్పకుండా కడితే 20,400 కట్టినవారవుతారు, అసలు 24,000 అలాగే కూర్చుని ఉంటుంది. అదీ రేటు కదలకపోతే. హీలాక్ రేటు కదులుతూనే ఉంటుంది. ఆ డబ్బు ఇంటికి కాక కారుకు వాడుతున్నారు కాబట్టి వడ్డీకి పన్ను మినహాయింపు కూడా లేదు. అవసరం వస్తే హీలాక్‌లోంచే తీసుకుంటాం, వేరే నిధి ఎందుకు అనేవారు మరికొందరున్నారు. వారికీ ఇదే చోట చెబుతున్నాను: 2008లో ఇళ్ళ ధరలు పడగానే బ్యాంకులు ఎన్నో హీలాక్‌లను స్తంభింపజేశాయి. ఇల్లు కాలేటప్పుడు బావికి తాళం వేసినట్టు.

401కే రిటైర్మెంట్ ఖాతా మీద అప్పు తీసుకోవచ్చా అని మీరు అడగలేదు, అడుగుతారు: వద్దు, ఉద్యోగం పోతే మిగిలిన బాకీ పన్నుల గడువులోగా తీర్చాలి, లేకపోతే పన్ను, జరిమానా. విడిభాగాల దుకాణం ఇచ్చే ‘వడ్డీ లేని’ కార్డు: గడువుకు ఒక్క డాలరు మిగిలినా మొదటి రోజు నుంచి వడ్డీ వేసే రకాలున్నాయి, దాని జోలికి వెళ్ళకండి.

ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్‌ను చివర్లో ధైర్యానికి రాశారు. అది అమ్మగారి మోకాలిది. ఒకే డబ్బును రెండు అవసరాల ఎదురుగా రాయడం నేను చూసే లెక్కల్లో రెండో పెద్ద తప్పు. ఏడాది నిండకుండా తీస్తే దాని మీద వడ్డీ కూడా రాదు.

ఈ చలికాలంలో ఏం చేయాలంటే, నెల మిగులు 2,200లో 1,900 నేరుగా మంచి వడ్డీ ఇచ్చే వేరే సేవింగ్స్ ఖాతాలోకి వెళ్ళాలి, జీతం పడిన రోజే. 9,000తో మొదలుపెడితే 52,800 చేరడానికి 23 నెలలు. బోనస్ వస్తే అదీ అందులోకే, అప్పుడు ఇంకా ముందే అవుతుంది. మిగిలిన 300 షెవెల్‌ది. ఆరు నెలలకు 1,800. దాంతో బ్రేకులతో మొదలుపెట్టండి. మీ బండికి నాలుగు చక్రాలకూ డ్రమ్ములే ఉంటే ముందు చక్రాలకు డిస్క్ కిట్, పాత రబ్బరు బ్రేకు గొట్టాల స్థానంలో కొత్తవి. ఇంధన గొట్టాలు కూడా మార్చండి, ఇప్పటి ఇథనాల్ పెట్రోలు పాత రబ్బరును తినేస్తుంది. టైర్ల పక్క భాగం మీద అచ్చువేసి ఉండే నాలుగంకెల తయారీ తేదీ చూడండి. ట్రెడ్ కొత్తగా మెరుస్తున్నా తేదీ పదేళ్ళ నాటిదైతే టైర్లకే ముందు డబ్బు పెట్టండి, డిస్కులు ఆగుతాయి. ఒకే షరతు: ఏ ఆదివారం రాత్రికైనా కారు తన చక్రాల మీద, తన ఇంజిన్‌తో గరాజులోంచి బయటికి రాగలగాలి. అలా ఉన్నంత కాలం అది అమ్ముకోగలిగిన కారు. ఇంజిన్ పని అత్యవసర నిధి నిండాకే, రంగు ఆ తర్వాతి చలికాలం. జనవరిలో ఇంటికి ఆనుకుని ఉన్న గరాజులో, కిరోసిన్ హీటరు పెట్టుకుని మీరే రంగు కొట్టే ఆలోచన ఉంటే అదీ మానుకోండి, పైన పిల్లలు పడుకుంటారు.

బీమా గురించి ఒక మాట. మామూలు పాలసీలో ప్రమాదం జరిగితే తరుగుదల పోను ఇస్తారు, అర్ధ శతాబ్దం నాటి కారుకు ఆ లెక్క ఎలా ఉంటుందో ఊహించుకోండి. పాత కార్లకు ముందే ఇరుపక్షాలూ ఒప్పుకున్న విలువ మీద ఇచ్చే పాలసీలు వేరుగా ఉన్నాయి, అందులోకి మార్చండి. చేసే ప్రతి పనికీ రసీదు, ఫోటో దాచి, ఏటా ఆ విలువను పెంచుకోండి. తమాషా ఏమిటంటే 1964 పాంటియాక్ జీటీఓతో ఊపందుకున్న, పెద్ద ఇంజిన్ల ఈ ‘మజిల్ కార్ల’ యుగాన్ని ముగించినవాటిలో బీమా ప్రీమియాలు కూడా ఉన్నాయి. కుర్రవాళ్ళ చేతిలో అంత శక్తిగల ఇంజిన్ చూసి కంపెనీలు రేట్లు పెంచేశాయి. పొగ నిబంధనలు, 1973 చమురు సంక్షోభం మిగిలిన పని పూర్తి చేశాయి.

వుడ్‌వర్డ్ ఊరేగింపు ప్రతి ఆగస్టులో మూడో శనివారం ఉంటుంది. వెలిసిన రంగుతో, అసలు 350తో, కొత్త బ్రేకులతో వెళ్ళండి. రోడ్డు పక్కన కుర్చీలు వేసుకున్న పెద్దవాళ్ళు మెరిసే కార్ల కంటే అలాంటివాటి దగ్గరే ఎక్కువసేపు నిలబడతారు.

ఈ జవాబును ముందుగానే మీకు మెయిల్ చేశాను. అది చూసేలోపే సంతకం పెట్టేసి ఉంటే కంగారు పడకండి. నివసిస్తున్న ఇంటి మీద తీసుకున్న హీలాక్‌ను మూడు పనిదినాల్లో, మూడో రోజు అర్ధరాత్రి దాకా, కారణం చెప్పకుండా రద్దు చేసుకునే హక్కు చట్టం ఇచ్చింది. ఈ లెక్కలో శనివారం కూడా పనిదినమే, ఆదివారం, ఫెడరల్ సెలవులు కావు. ఫోన్ చేస్తే చాలదు, రాతపూర్వకంగా పంపాలి. బ్యాంకు ఇచ్చిన కాగితాల్లో అందుకోసం ఒక పత్రం రెండు ప్రతులుగా ఉంటుంది, వెతకండి.