అమెరికన్ వెస్టర్న్ రొమాన్స్ నవలల్లో అవసరం కోసం చేసుకునే పెళ్లిళ్లు నిజంగా జరిగేవా, లేక రాసేవాళ్ల కల్పనా?

జరిగేవి. బోలెడు జరిగాయి. కానీ నవలల్లో ఆ పెళ్లికి చెప్పే కారణం ఉంది చూశారూ, అది సగం పుస్తకాల్లో తలకిందులు.

ఇంత గట్టిగా ఎలా చెప్తున్నానంటే ఇంటర్ నుంచీ ఇవే చదువుతున్నా. హైదరాబాద్‌లో మా సందు చివర అద్దె పుస్తకాల షాపాయన రోజుకి రెండు రూపాయలు తీసుకునేవాడు, అట్ట చిరిగితే ఇరవై వసూలు చేసేవాడు, చివరి పది పేజీలు లేని పుస్తకం కూడా అదే రేటుకి అంటగట్టేవాడు, ఆ హీరోహీరోయిన్లు ఏమైపోయారో నాకు ఇప్పటికీ తెలీదు. తర్వాత పెళ్లయి ఎక్కడో పడతాననుకుంటే నెబ్రాస్కాలో లింకన్‌లో వచ్చి పడ్డా. అంటే సరిగ్గా ఆ నవలలు జరిగే చోటికే. చుట్టాలందరూ డాలస్‌లో న్యూజెర్సీలో, నేనేమో మొక్కజొన్న చేల మధ్యలో.

మామూలు కథ మీకు తెలిసిందే. హీరోకి ముప్పై రెండేళ్లు, భార్య పోయింది, ఇద్దరు పిల్లలు, వంట రాదు. పేపర్లో ప్రకటన ఇస్తాడు, హీరోయిన్ బోస్టన్ నుంచి రైల్లో దిగుతుంది, సాయంత్రానికి పెళ్లి, రాత్రికి "మీరు మంచం మీద పడుకోండి, నేను గుర్రాల కొట్టంలో పడుకుంటా". ఇక్కడిదాకా నాకే పేచీ లేదు, 1870ల్లో అచ్చంగా పెళ్లి ప్రకటనల కోసమే మ్యాట్రిమోనియల్ న్యూస్ అని ఒక పేపర్ నడిచింది, మన వెబ్‌సైట్లకి ముత్తాత లాంటిది. సియాటిల్‌లో ఆడవాళ్లే లేరని ఏసా మెర్సర్ అనే ఆయన 1864లో మసాచుసెట్స్ వెళ్లి పదకొండు మందిని టీచర్ ఉద్యోగాలని చెప్పి తీసుకొచ్చాడు, 1866లో మళ్లీ ఇంకొంతమందిని తెచ్చి వాళ్లలో ఒకావిడని తనే చేసుకున్నాడు. తెచ్చినందుకు కమిషన్ అనుకోవాలేమో.

నాకు ఒళ్లు మండేది ఎక్కడంటే, "నెల లోపల పెళ్లి కాకపోతే ప్రభుత్వం ఇచ్చిన భూమి పోతుంది" అని హీరో చెప్పే చోట. ఎవరు చెప్పారు నాయనా నీకు? ప్రభుత్వ భూమిని సాగు చేసేవాళ్లకి ఇవ్వడానికి పెట్టిన 1862 హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం ఇరవై ఒక్కేళ్లు నిండితే చాలు, లేదా కుటుంబ పెద్ద అయితే చాలు. ఫీజులన్నీ కలిపి పద్దెనిమిది డాలర్లు, 160 ఎకరాలు, ఐదేళ్లు అక్కడే ఉండి సాగు చేసి, ఇద్దరు సాక్షుల్ని తీసుకెళ్తే పట్టా చేతికొచ్చేది. పెళ్లి ఊసే లేదు. ఇరవై ఒక్కేళ్లు నిండని కుర్రాడు కుటుంబ పెద్ద అనిపించుకోడానికి పెళ్లి చేసుకున్నాడంటే ఒప్పుకుంటా, కానీ మన హీరోలందరికీ ముప్పై దాటి గడ్డం నెరుస్తూ ఉంటుంది కదా. పైగా ఆడవాళ్లు కూడా సొంతంగా క్లెయిమ్, అంటే ఆ భూమి కోసం అర్జీ, పెట్టుకునే వీలుండేది, పెళ్లి కానివాళ్లు, భర్త పోయినవాళ్లు, విడాకులైనవాళ్లు. మొగుడున్న ఆడదానికి మాత్రం మామూలుగా ఆ వీలు ఉండేది కాదు. అంటే ఆ పెళ్లి వల్ల నష్టపోయేది హీరోయినే. పెళ్లి పందిట్లోకి నడుస్తూ 160 ఎకరాలు వదులుకుంటోందని ఆ పిల్లకి ఒక్కరూ చెప్పరు, రాసినావిడ కూడా చెప్పదు.

ఇదంతా నాకు లా చదివితే వచ్చింది కాదు. మా అత్తయ్య గారి పుణ్యం.

2023 వేసవిలో ఆవిడ తెనాలి వైపు నుంచి ఆరు నెలలకి వచ్చారు. మూడో వారానికే బోర్ కొట్టేసింది. వేరే ఊళ్లవాళ్లు పెద్దవాళ్లని నయాగరా చూపిస్తారు, మాకు నలభై మైళ్లలో ఉన్నది బియాట్రిస్ ఊరి దగ్గర హోమ్‌స్టెడ్ పార్కు. సరే అని తీసుకెళ్లా. చట్టం అమల్లోకొచ్చిన మొదటి రోజే, 1863 జనవరి 1న, డేనియల్ ఫ్రీమన్ అనే ఆయన క్లెయిమ్ పెట్టిన భూమి అది. మొత్తం గడ్డి. మనిషి నడుము దాకా గడ్డి, మధ్యలో 1867 నాటి ఒక చెక్క ఇల్లు తెచ్చి పెట్టారు.

అత్తయ్య గారు ఆ గడ్డి వంక కాసేపు చూసి "నూట అరవై ఎకరాలు ఊరికే ఇచ్చారా?" అన్నారు.

"అవునండీ."

"ఊరికే ఇచ్చారంటే నీళ్లుండవమ్మా."

పడమటి నెబ్రాస్కాలో ఎన్ని వేల మంది ఆ ఒక్క కారణంతో వదిలేసి పోయారో తల్చుకుని నేనేం మాట్లాడలేదు. ఇంకో మాట కూడా అడిగారు, "అంతకుముందు ఎవరిది ఈ భూమి?" అని. ఒటో మిస్సూరియా తెగవాళ్లది, వాళ్లకి చివరికి పక్కన నది వెంట మిగిల్చిన ముక్క కూడా లేకుండా 1881లో ఓక్లహోమా వైపు పంపించేశారు. తెనాలి నుంచి వచ్చిన ఆవిడకి తట్టిన ప్రశ్న నేను చదివిన వందో నూట యాభయ్యో నవలల్లో ఒక్క హీరోయిన్‌కీ తట్టలేదు.

ఆ చెక్క ఇంట్లోకి వెళ్లాక నేను ఉత్సాహంగా ముక్కూ మొహం తెలియనివాళ్లు పెళ్లి చేసుకుని ఇలాంటి ఇంట్లో ఎలా ఉండేవాళ్లో వర్ణించడం మొదలుపెట్టా. ఆవిడ వినట్లేదు. "వంట దేంతో? చుట్టుపక్కల ఒక్క చెట్టు లేదే" అంటున్నారు. చెట్లు లేని చోట్ల అడవిదున్నల పేడ ఎండితే ఏరుకొచ్చి కాల్చేవాళ్లండీ అని చెప్పా. నవలల్లో ఇది పెద్ద సీను, హీరోయిన్ గౌను ఒక చేత్తో పైకి పట్టుకుని ముక్కు మూసుకుని కన్నీళ్లు పెట్టుకుంటుంది, హీరో జాలిపడతాడు, అక్కడి నుంచే ప్రేమ మొదలవుతుంది. అత్తయ్య గారు "పిడకలే కదే, దానికి ఏడవడం దేనికి?" అన్నారు. అంతే, నాలుగు పేజీల సీను గాల్లో కలిసిపోయింది.

తర్వాత ఫ్రీమన్ పెళ్లి సంగతి చెప్పా. ఇది నిజంగా నవలలాగే ఉంటుంది. ఆయన బ్రదర్‌కి ఆగ్నెస్ అనే అమ్మాయితో పెళ్లి కుదిరింది, అతను అంతర్యుద్ధంలో చనిపోయాడు, అప్పుడు ఈయన ఆ అమ్మాయికి ఉత్తరాలు రాసి, ఉత్తరాల్లోనే అడిగి, 1865లో చేసుకున్నాడు. ముందు భూమి, రెండేళ్ల తర్వాత పెళ్లాం. నవలల వరసకి పూర్తి రివర్స్. ఆగ్నెస్ ఆయన పోయాక ఇంకో ఇరవై ఏళ్ల పైన బతికింది, ఇద్దరి సమాధులూ అక్కడే ఉన్నాయి. నేను చాలా కదిలిపోయి చెప్తున్నా, అత్తయ్య గారు మాత్రం "బ్రదర్ అంటే అన్నా, తమ్ముడా?" దగ్గరే ఆగిపోయారు. "అన్నకి అనుకున్న పిల్లయితే వదిన వరస అవుతుంది, ఎట్లా చేసుకుంటాడు?" బ్రదర్ అనే ముక్కతో ఏం తేలుతుంది చెప్పండి. ఈ ఇంగ్లీష్‌కి వరసలు లేకపోవడం వల్ల నాకు ఈ దేశంలో వచ్చిన తలనొప్పులు రాస్తే అదో నవల అవుతుంది.

తిరిగొచ్చేటప్పుడు కారులో ఆవిడ పెళ్లి గురించి అడిగా. అడగాలని ఎప్పట్నుంచో ఉంది. మేనరికం వాళ్లది. పొలం బయటికి పోకూడదని చేశారు. "మీ మామయ్యని పుట్టినప్పట్నుంచీ చూస్తూనే ఉన్నా, మాట్లాడింది మాత్రం పెళ్లయిన నాలుగో రోజున. అదీ ఎద్దుకి బాగోలేదని చెప్పడానికి." వాళ్ల నాన్న పసుపు కుంకుమ కింద ఎకరం ఇరవై సెంట్లు ఇచ్చారు, అది ఆవిడ పేరు మీదే ఉంది, పాస్ పుస్తకం ఆవిడ బీరువాలోనే ఉంటుంది, మా మరిది చదువుకి అమ్ముదామని మామయ్య గారు మూడేళ్లు అడిగినా ఇవ్వలేదట. "మరి ప్రేమ ఎప్పుడు మొదలైందండీ?" అన్నాను, నవలలు చదివిన బుద్ధి ఎక్కడికి పోతుంది. ఆవిడ చాలాసేపు బయటికి చూసి "కింద కూర్చుని వండుతుంటే నడుం నొప్పి అనేదాన్ని. ఎనిమిదో ఏట నేను పుట్టింటికెళ్లి వచ్చేసరికి పొయ్యి గట్టు కట్టించి ఉంది. ఎవరికి చెప్పి కట్టించాడో, నాకైతే ఏం చెప్పలేదు" అన్నారు. ప్రేమ మాట మాత్రం ఒప్పుకోలేదు.

దొరికిందే సందని నాకు తెలిసినవన్నీ ఆవిడ మీద గుమ్మరించా. ఆరెగాన్‌లో 1850 నాటి భూమి చట్టం ఒకటి ఉండేది, అక్కడ మాత్రం నవలల లెక్క కరెక్టు. అప్పటికే అక్కడున్న పెళ్లి కాని తెల్ల మగాడికి 320 ఎకరాలు, భార్య ఉంటే 640, అందులో సగం భార్య పేరు మీదే రాసేవాళ్లు. పెళ్లికి గడువు 1851 డిసెంబర్ 1. ఇంకేముంది, ఊళ్ల మీద పడి పిల్లల్ని వెతుక్కున్నారు, పద్నాలుగేళ్ల ఆడపిల్లలకి కూడా చేసేశారు. నవలలు రాసేవాళ్లు ఆ వయసు దగ్గర ఇరవై నాలుగు అని రాసుకుని ముందుకెళ్లిపోతారు. అత్తయ్య గారు పద్నాలుగు దగ్గర ఏమీ అనలేదు, పెళ్లినాటికి ఆవిడకి పదిహేను. సగం భార్య పేరు మీద అన్నచోట మాత్రం "అదీ పద్ధతి" అన్నారు.

ఎలినోర్ ప్రూయిట్ స్టూవర్ట్ కథ కూడా చెప్పా. కూతుర్ని వెంటబెట్టుకుని 1909లో వయోమింగ్‌లో ఒక రైతు ఇంటికి పనికి కుదిరింది, వెళ్లిన కొన్ని వారాల్లోనే ఆయన భూమి పక్కనే తన పేరున క్లెయిమ్ పెట్టింది, పెట్టిన వారానికి ఆయన్నే పెళ్లి చేసుకుంది. ఆడది ఒక్కతే భూమి సంపాదించుకోవచ్చని ఆవిడ రాసిన ఉత్తరాలు 1914లో పుస్తకంగా వచ్చి పెద్ద పేరొచ్చింది, కానీ ఆ పెళ్లి సంగతి ఉత్తరాల్లో చాన్నాళ్లు రాయలేదు. మొగుడు పెళ్లాలకి రెండు వేరు వేరు నివాసాలు కుదరవు కదా, అందుకని చివరికి 1912లో తన క్లెయిమ్ వదిలేసుకుంటే అది అత్తగారి పేరు మీదకి వెళ్లింది. ఇది విని అత్తయ్య గారు నవ్విన నవ్వుకి నేను స్టీరింగ్ సరిగ్గా పట్టుకోవాల్సి వచ్చింది.

నన్నడిగితే ఈ రకం నవలలో మజా అంతా మొదటి పదిహేను రోజుల్లోనే ఉంటుంది. ఎవరు నీళ్లు తేవాలి, పిండి డబ్బా తాళం ఎవరి దగ్గర, ఎవరి మాటకి పిల్లలు లేస్తారు. నేను 2011లో హెచ్-4 మీద, అంటే ఇక్కడ ఉద్యోగం చేసేవాళ్ల భార్యలకిచ్చే వీసా మీద, వచ్చా, 2015 దాకా మాకు ఉద్యోగం చేసే వీలే లేదు, బ్యాంకు కార్డు కూడా మా ఆయన ఖాతా మీద రెండోది. చెడ్డవాడని కాదు, పాపం అడిగినప్పుడల్లా ఇచ్చేవాడు, అడగడమే కదా కష్టం. అప్పుడు మళ్లీ తీసి చదివితే ఆ హీరోయిన్లు సంతలో డబ్బు అడగలేక నిలబడే సీన్లు వేరేగా అర్థమయ్యాయి. కానీ రాసేవాళ్లకి ఓపిక ఉండదు, వందో పేజీకల్లా మంచు తుఫాను రావాలి, ఒకటే దుప్పటి ఉండాలి. అట్ట మీద అదే మంచులో చొక్కా లేకుండా నిలబడ్డ మనిషి. నెబ్రాస్కా జనవరిలో అలా ఒక్కసారి నిలబడి చూడమనండి.

ఆ రోజు కారులో నా బ్యాగులో అలాంటి పుస్తకమే ఒకటి ఉంది, లైబ్రరీ సేల్‌లో యాభై సెంట్లకి కొన్నది. లింకన్ చేరేలోపు కథ మొత్తం తెలుగులో చెప్పేశా, రైలు, పెళ్లి, పిడకలు, తుఫాను, దుప్పటి దగ్గర కొంచెం తొందరగా నడిపించి. ఆవిడ బాగా విన్నారు. ఇంటి ముందు కారు ఆపాక దిగకుండా అడిగారు:

"ఇంతకీ ఆ పొలం ఎవరి పేర పెట్టాడు?"

పుస్తకం తీసి చివర్నుంచి వెనక్కి తిప్పా. కవల పిల్లలు పుట్టారు, క్రిస్మస్ చేసుకున్నారు, కొత్త గది కట్టారు. ఇంకో నాలుగు పేజీలు తిప్పా. ఎక్కడా లేదు.

"చూడు, చూడు, ఎక్కడో రాసి ఉంటుంది" అంటూ సీటు బెల్టు తియ్యకుండా కూర్చున్నారు.