ఒక్క కారూ స్టేషన్‌లో, మీరు ఇంట్లో

ప్రశ్న: మాది గుంటూరు. పెళ్ళయ్యాక ఐదేళ్ళు న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉన్నాం. అపార్ట్‌మెంట్ దిగి నడిస్తే మన కొట్లుండే ఓక్‌ట్రీ రోడ్డు, కాంప్లెక్సులో సగం మంది మనవాళ్ళే. పోయిన ఆగస్టులో మావారి ఉద్యోగం షికాగోకి మారింది. పాప చదువు కోసమని 204 స్కూల్ డిస్ట్రిక్టులోకి వచ్చేలా నేపర్‌విల్‌లో ఇల్లు కొన్నారు. ఇల్లు బాగుంది కానీ వీధిలో మనిషి కనబడడు. ఆయన ఏడింటికల్లా కారులో రూట్ 59 స్టేషన్‌కి వెళ్ళి, అక్కడ కారు పెట్టి మెట్రా రైలెక్కుతారు. మళ్ళీ రాత్రికే రావడం. నాకు డ్రైవింగ్ రాదు. నాది హెచ్-4, అంటే ఆయన వర్క్ వీసా మీద భార్యగా వచ్చిన వీసా. ఆయన గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసిన ఐ-140 దరఖాస్తు అప్రూవ్ అయింది. పెళ్ళికి ముందు టీచర్‌గా చేశాను. పాపకి నాలుగేళ్ళు. రాత్రిళ్ళు అమ్మకి ఫోన్ చేసి ఏడుస్తున్నాను. "ఇంత ఇల్లు కొన్నా నీకు తృప్తి లేదు" అంటారాయన. పాపను తీసుకుని గుంటూరు వెళ్ళిపోవాలనిపిస్తోంది. తప్పు నాదేనా?
— ఒక సోదరి, నేపర్‌విల్

జవాబు: అమ్మా, ఎడిసన్‌లో ఐదేళ్ళు బాగానే ఉన్నారు కదా, అమెరికా మీకు పడలేదని ఎలా అనుకుంటాం? తృప్తి లేకపోవడం అంతకన్నా కాదు. అక్కడ పాలు అయిపోతే చెప్పులేసుకుని వెళ్ళి తెచ్చుకునేవారు. ఇక్కడ పాల డబ్బాకైనా ఆయన రావాలి. నేపర్‌విల్ లాంటి ఊళ్ళలో చాలా వీధులు కారున్నవాళ్ళ కోసం వేసినవే. పక్కింటాయన రిమోట్ నొక్కి గరాజ్ తలుపు తెరుచుకుని, కారుతో సహా లోపలికి పోయి మళ్ళీ నొక్కేస్తాడు. మిమ్మల్ని పలకరించకూడదని కాదు, చలికాలమంతా ఎవరికెవరూ కనబడరు. మేలో గడ్డి కోసే మిషన్లు మొదలయ్యాక ఆ వీధిలో ఇంతమంది ఉన్నారా అనుకుంటారు.

మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదువుకున్నది కారు సంగతి. ఉన్న ఒక్క కారూ పొద్దుణ్ణుంచి రాత్రిదాకా స్టేషన్ పార్కింగ్‌లో ఊరికే నిలబడి ఉంటోంది. మీకు లైసెన్సు వస్తే ఆయన్ని స్టేషన్‌లో దింపి కారు మీరు తెచ్చుకోవచ్చు. రెండో కారు ఖర్చు కూడా ఉండదు. ముందు పర్మిట్ తీసుకోండి. మీ రాష్ట్రం ఇల్లినాయ్‌లో రాతపరీక్షకి 35 ప్రశ్నలు, 28 సరిగ్గా రాస్తే పాసే. రాష్ట్రం వాళ్ళ రూల్స్ పుస్తకం ఆన్‌లైన్‌లో ఉచితం, టీచరమ్మకి అదొక లెక్క కాదు. నడపడం మాత్రం డబ్బు కట్టి డ్రైవింగ్ స్కూల్లోనే నేర్చుకోండి. పక్క సీట్లోంచి మొగుడు "బ్రేక్, బ్రేక్" అని అరుస్తుంటే నేర్చుకున్న ఆడవాళ్ళు లేకపోలేదు కానీ, ఆ వారం ఆ ఇళ్ళలో మాటలుండవు.

కారు చేతికొచ్చాక ఊళ్ళో వెళ్ళే చోట్లు చాలానే ఉన్నాయి. లైబ్రరీలో చిన్నపిల్లలకి కథలు చెప్పే గంట ఉంటుంది, పాపకన్నా మీకే ఎక్కువ అవసరం అది, సాటి తల్లులు దొరికేది అక్కడే. పక్కనే అరోరాలో బాలాజీ గుడి. పిల్లలకి తెలుగు నేర్పే మనబడిలో పాఠాలు చెప్పేది వాలంటీర్లే కాబట్టి, మీలాంటి వాళ్ళ కోసం చూస్తుంటారు. ఐ-140 ఉంది కనుక మీరు పని చేసుకోడానికి అనుమతి కార్డు, అదే ఈఏడీకి అప్లై చేసే వీలుంది, 2015 నుంచి ఆ వెసులుబాటు ఉంది. ఆయన కంపెనీ మారి ఉంటే మాత్రం ముందు లాయరుతో సరిచూసుకోండి. ఈఏడీ వచ్చేదాకా ఖాళీగా ఉండాలని లేదు, హెచ్-4 మీద చదువుకోవచ్చు.

అమ్మకి ఫోన్ మానమని చెప్పను, వేళ మార్చండి. చలికాలంలో అక్కడికీ ఇక్కడికీ పదకొండున్నర గంటల తేడా. మీరు రాత్రి తొమ్మిదికి ఏడుస్తూ చేస్తే ఆవిడకి అప్పుడే ఎనిమిదిన్నర, ఇక ఆ రోజంతా ఆవిడకి వంట మీద కూడా ధ్యాస ఉండదు. మీకేమో నిద్ర పట్టదు. పొద్దున ఎనిమిదింటికి చేయండి, ఆవిడకి రాత్రి ఏడున్నర అవుతుంది, తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

ఇంకో సంగతి. నవంబరు మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, డిసెంబరులో నాలుగున్నరైనా కాకముందే పొద్దు గుంకుతుంది. ఆ చీకటి కొందరి మనసుని నిజంగానే కుంగదీస్తుంది, దానికి వైద్యం ఉంది. నిద్ర, ఆకలి చెడి, పాపను చూసుకోడానికి కూడా ఓపిక లేకుండా రెండు వారాలు దాటితే ఫ్యామిలీ డాక్టర్‌కి చెప్పండి. చచ్చిపోవాలన్న ఊహ ఒక్కసారి వచ్చినా, అలాంటి వాళ్ళకి సాయం చేసే హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయండి, అర్ధరాత్రైనా పలుకుతారు.

ఇక మీవారి విషయం. ఇల్లు కొనేముందు మిమ్మల్ని అడిగినట్టు మీరెక్కడా రాయలేదు. అడగకపోయి ఉంటే అది ఆయన పొరపాటు, మీరది ఆయనతో అనాలి. కానీ ఆయన అలసిపోయి గుమ్మంలో అడుగుపెట్టగానే "గుంటూరు పోతా" అంటే, ముప్ఫై ఏళ్ళ అప్పు నెత్తిన పెట్టుకున్న మనిషికి తన కష్టాన్ని కాలదన్నినట్టే వినిపిస్తుంది. ఆదివారం పూట కూర్చోబెట్టి, చేయగలిగినదే అడగండి: "శనివారాలు నేను డ్రైవింగ్ క్లాసుకి వెళ్తాను, ఆ రెండు గంటలు పాపను మీరు చూసుకోండి." దీనికి ఆయన కాదంటే మీ సమస్య ఊరు కాదు, అప్పుడు నాకు మళ్ళీ రాయండి.

గుంటూరు వెళ్ళి నెల్లాళ్ళుండి రండి, తిరుగు టికెట్ తీసుకుని, ఆయనకి చెప్పి. ఆయన ఒప్పుకోకుండా పాపను తీసుకెళ్ళిపోతే మాత్రం అది కోర్టుదాకా పోగలదు, కోపంలో ఆ పని చేయకండి. లైసెన్సు వచ్చి, ఒక ఎండాకాలం గడిచాక కూడా ఇక్కడ ఉండలేననిపిస్తే అప్పుడు ఇల్లు అమ్మడం గురించి కూడా మాట్లాడుకోవాల్సిందే. ఆ మాట మీవారికి ఇప్పుడే చెప్పి ఉంచండి.