ఇల్లిల్లూ తిరుగుతానన్నావట

చిట్టితల్లీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. రైతు సేవా కేంద్రంలో కూర్చుంటే ఏమీ తెలియడం లేదని, వారానికి మూడు సాయంత్రాలు రైతుల ఇళ్లకే వెళ్తానన్నావట. మీ అమ్మ టెన్షనంతా నీ స్కూటీ గురించి, చీకటి గురించి. ఫోన్ పెట్టేశాక మీ అత్తను నిద్ర లేపి మరీ చెప్పుకున్నాను. ఆ తర్వాత నాకే నిద్ర పట్టలేదు.

చిన్న సంగతులు ముందు. వస్తున్నానని ముందు రోజే చెప్పు. పొద్దున పోతే తాళాలే కనిపిస్తాయి. పశువులు ఇంటికి చేరాక, పొయ్యి వెలిగించే ముందు ఒక గంట దొరుకుతుంది. పంటల వివరాలు ఎక్కించే ఆ ఈ-క్రాప్ ట్యాబ్ సంచిలోంచి తీయకు. అది చూశారంటే పాసుపుస్తకం తెచ్చి ముందు పెడతారు, ఇక వేరే మాట ఉండదు. అప్పు ఊసు చుట్టాల ముందు ఎత్తకు.

నువ్వు ఏ ఇంటి అరుగు మీద కూర్చుంటావో ఊరంతా చూస్తుంది. అనంతపురం ఊళ్ల సంగతి నీకు వేరే చెప్పాలా? వ్యవసాయ శాఖలో చేరిన కొత్తలో నేను రోడ్డు పక్క పెద్దింట్లోనే కాఫీ తాగేవాణ్ణి. ఆర్నెల్లు ఎస్సీ కాలనీ నుంచి ఒక్కరూ వచ్చి ఒక్క సందేహం అడగలేదు. ఎందుకో నాకు తట్టడానికి ఇంకో ఆర్నెల్లు పట్టింది. నువ్వు మొదటి గ్లాసు మంచినీళ్లు అక్కడే తాగు.

ఇక ఇది మీ అత్తకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

1980లలో మాది ట్రైనింగ్ అండ్ విజిట్ పద్ధతి. పదిహేను రోజులకోసారి, అనుకున్న రోజున, అనుకున్న ఊరికి వెళ్లాలి. పదిమందికి ఒకరు చొప్పున కాంటాక్టు రైతు. ఆయనకు మేం చెబితే, మిగతావాళ్లకు ఆయన చెబుతాడని లెక్క. ఆ ఏడు తొలకరికి ముందు మా పాఠం శెనక్కాయ విత్తనశుద్ధి. కిలో పప్పుకు 3 గ్రాముల థైరమ్ మందు పట్టిస్తే మొదలుకుళ్లు తెగులు తగ్గుతుంది. రావిచెట్టు కింద కుండలో పప్పు పోసి, మందు వేసి, మూతి కట్టి ఊపి చూపించాను. చుట్టూ ఉన్నవాళ్లంతా మగవాళ్లే. మిగిలిన పప్పు తినొద్దని చెప్పానా? చెప్పినట్టు డైరీలో రాసుకున్నాను.

వాన పడింది, విత్తారు. మళ్లీ నా వంతు వచ్చి వెళ్లేసరికి ఒక ఇంటి ముందు జనం. ఇద్దరు పిల్లలకు ఆగకుండా వాంతులు. ఎద్దులబండి కడుతున్నారు. చిన్నదాన్ని ఒళ్లో పెట్టుకుని తల్లి నా లూనా వెనక ఎక్కింది. ఆసుపత్రి చేరేలోపు నా చొక్కా వీపంతా తడిసిపోయింది. దారిలో ఆమె ఆగి ఆగి చెప్పింది. విత్తగా మిగిలిన పప్పు తవ్వెడు ఉంటే, వేయించి పిల్లలకు పెట్టిందట. "కందులకు పురుగు పట్టకుండా బూడిద కలుపుతాం కదా సారూ. ఇదీ అట్లాంటిదే అనుకుంటి. మూడు నీళ్లు కడిగితి."

మూడు నీళ్లు కడిగింది, తల్లీ.

ఆమె మొగుడు నా కాంటాక్టు రైతు కాదు. పక్క చేను ఆయన చెప్పగా విన్నాడు. మూడు గ్రాములన్నది సరిగ్గా చేరింది, మిగిలింది పూడ్చిపెట్టాలన్నది చేరలేదు. కాయ ఒలిచింది ఆమె, పుచ్చులు ఏరింది ఆమె, మిగిలినవి డబ్బాలో పోసి దాచిందీ ఆమే. ఆ ఇంటి ముందు నుంచి ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు, ఒక్కసారి గడప తొక్కలేదు.

పిల్లలు బతికారు. రెండు రోజులకు లేచి తిరిగారు. ఆ ఇంట్లో నన్ను ఒక్క మాట అనలేదు, మజ్జిగ కూడా ఇచ్చారు. పై అధికారి రిపోర్టులో రాయొద్దన్నాడు. నేనూ రాయలేదు.

అందుకే, వెళ్లిన ప్రతి ఇంట్లో విత్తనం దాచే మనిషెవరో అడుగు. "దానికేం తెలుసు మేడం, నాకు చెప్పండి" అంటాడు మొగుడు. అననీ. నువ్వు వంటింటి దాకా పోగలవు, నేను పోలేకపోయాను. మందు డబ్బాలు ఎక్కడ పెట్టారో చూపించమను. గూట్లోనో, మంచం కిందో ఉంటాయి. కూల్‌డ్రింక్ సీసాలో మందు పోసి పెట్టింది కనిపిస్తే మాత్రం మొహమాటపడకు, గట్టిగా కసురుకో. ఊరు నిన్ను గయ్యాళి అన్నా ఫరవాలేదు. విత్తనం కలిపే రోజుల్లో మిగిలిన ఇళ్లు వదిలేసైనా సరే, చిన్నపిల్లలున్న ఇళ్లు ముందు తిరుగు.

భయపెట్టి నిన్ను ఆపాలని కాదు. వెళ్లు. చీకటి పడకముందే ఇంటికి బయల్దేరు, హెల్మెట్ పెట్టుకో, కుక్కలకు రెండు బిస్కెట్లు సంచిలో ఉంచుకో. మీ అమ్మకు నేను చెప్పుకుంటాను.

నీకు నాలుగేళ్లప్పుడు మా ఇంట్లో విత్తనపు పప్పు గుప్పెడు నోట్లో పోసుకుంటే వీపు మీద ఒక్కటేశాను, గుర్తుందో లేదో. ఇల్లెగిరిపోయేలా ఏడ్చావు. మీ అమ్మ వారం రోజులు నాతో మాట్లాడలేదు. అవి మందు కలపని పప్పులే తల్లీ.

మీ మామయ్య