కొత్త ల్యాప్‌టాప్ మొరాయిస్తోందని యాప్‌లో అప్పు చేస్తారా?

ప్రశ్న: నా జీతం రూ.32,000, ఖర్చులు రూ.18,000. క్రెడిట్ కార్డుపై 12 నెలల నో కాస్ట్ ఈఎంఐతో రూ.1,20,000 గేమింగ్ ల్యాప్‌టాప్ కొన్నాను. ఒక కంతు కట్టాను. గేమ్ పెట్టిన పది నిమిషాలకే స్క్రీన్ నల్లబడి ఆగిపోతోంది. రిపేరుకు రెండు వారాలు పడుతుందన్నారు. రాత్రిళ్లు వీడియో ఎడిటింగ్ చేస్తాను. ఈఎంఐ ఆపేసి, యాప్‌లో రూ.60,000 తీసుకుని ఇంకోటి కొననా? చేతిలో రూ.9,000 ఉంది. - ఓ పాఠకుడు, హనుమకొండ

జవాబు: రెండూ వద్దు. ల్యాప్‌టాప్ పాడైనా మీ బాకీ బ్యాంకుకే. కంతు ఎగ్గొడితే లేటు ఫీజు, వడ్డీ పడతాయి, సిబిల్ స్కోరు దెబ్బతింటుంది.

యాప్ లెక్క మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లోనే ఉంది. ముందే రూ.4,200 కోసుకుని రూ.55,800 చేతికిస్తారు. ఆరు నెలలు రూ.11,500 చొప్పున రూ.69,000 కట్టాలి. ల్యాప్‌టాప్ కంతు రూ.10,000 కూడా కలిపి రెండు కంతులకే నెలకు రూ.21,500 పోతే మిగిలేది రూ.10,500. ఖర్చులకు తగ్గిన రూ.7,500 కోసం మరో యాప్ తెరుస్తారు. దయచేసి ఆ దారి పట్టకండి.

వారంటీ ఉండగా సొంత డబ్బు పెట్టొద్దు, స్క్రూలు విప్పొద్దు. తయారీ కంపెనీ సైటులోని గ్రాఫిక్స్ డ్రైవర్‌ను (తెరపై బొమ్మను నడిపే సాఫ్ట్‌వేర్) 'క్లీన్ ఇన్‌స్టాల్' చేయండి, అంటే పాతది పూర్తిగా తీసేసి కొత్తగా వేయండి. అయినా ఆగితే వీడియో తీసి, విండోస్‌లో లోపాలు నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్‌లో 4101 నంబరు కనిపిస్తే ఫొటో తీసుకోండి. డిస్‌ప్లే డ్రైవర్ స్పందించడం ఆగిందనడానికి అది రుజువు. డేటా బ్యాకప్ చేసుకున్నాకే అప్పగించండి. సర్వీస్ సెంటర్ ఇచ్చే రసీదు, అంటే జాబ్‌షీట్‌లో 'స్లోగా ఉంది' అని రాస్తే ఒప్పుకోకండి, 'గేమ్‌లో పది నిమిషాలకు స్క్రీన్ నల్లబడుతోంది' అని రాయించండి. ఇలాంటి ల్యాప్‌టాప్‌లలో గ్రాఫిక్స్ చిప్ మదర్‌బోర్డుకే అతికి ఉంటుంది. చిప్ పోతే చాలాసార్లు బోర్డే మారుస్తారు, అందుకే ఆలస్యం. మళ్లీ అదే లోపం వస్తే మార్పిడో రిఫండో ఈమెయిల్‌లో అడగండి. కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, రూ.5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. రిఫండ్ వస్తే ఈఎంఐ రద్దు చేయమని బ్యాంకుకు విడిగా చెప్పాలి. లేకపోతే కంతులు పడుతూనే ఉంటాయి.

ఈ రెండు వారాలకు అద్దె ల్యాప్‌టాప్ చాలు.

అసలు లోటు అత్యవసర నిధి. రూ.9,000 చేతిలో పెట్టుకుని లక్షా ఇరవై వేల వస్తువు కొన్నారు, అదే తప్పు. చాలామంది చేసేదీ ఇదే. కంతు, ఖర్చులు పోగా మిగిలే రూ.4,000 జీతం పడిన రోజే వేరే ఖాతాకు మళ్లించండి. 11 కంతులు తీరేసరికి చేతిలోని రూ.9,000తో కలిపి మొత్తం రూ.53,000 అవుతుంది. ఆపై ఈఎంఐ సొమ్మూ కలిపి నెలకు రూ.14,000 వేస్తే, నాలుగు నెలల్లో రూ.1,09,000. మీ ఆరు నెలల ఖర్చుకు సరిపోతుంది. అప్పటిదాకా కొత్త ఈఎంఐ ఏదీ పెట్టుకోకండి, ఫోన్‌కైనా సరే.