మామునూరు ఎయిర్‌పోర్ట్ వద్దని అక్కడి రైతులు ఎందుకంటున్నరు?

ప్రశ్న అడిగినాయన ఏమన్నడంటే, మామునూరుల పాత మిలిటరీ ఎయిర్‌బేస్ ఊరికెనే పడి ఉంది కదా, ఎయిర్‌పోర్ట్ చేస్తే వరంగల్ బాగుపడదా, మరి రైతులు ఎందుకు అడ్డం పడుతున్నరు, నేను అక్కడ ప్లాట్ కొనొచ్చా అని.

మాది అక్కడే కాబట్టి చెప్తున్న. మా నాన్న మామునూరు పోలీస్ బెటాలియన్‌ల చేసి రిటైర్ అయిండు, మేం క్వార్టర్స్‌లనే పెరిగినం, మా మేనమామ పొలం రన్‌వే పక్కన భూసేకరణ కింద పోయేదాంట్ల ఉంది. మొదటి మాట ఏందంటే, ఎయిర్‌పోర్ట్ వద్దన్నోడు నాకైతే అక్కడ ఒక్కడు కూడా కనవడలే. మీకు టీవీల కనవడ్డది సర్వేను ఆపుడు, రోడ్డు మీద కూసునుడు. అదంతా రేటు గురించి, తోవ గురించి.

ఇంకోటి, మిలిటరీ బేస్ అనుడు పూర్తిగ కరెక్ట్ కాదు. నిజాం 1930ల కట్టించిండు, ఆజంజాహి మిల్లు, కాగజ్‌నగర్ దిక్కు పేపర్ మిల్లు పనుల మీద వచ్చిపోయేటోళ్ళ కోసం. 1962 చైనా యుద్ధం టైంల సర్కారు విమానాలను ఇక్కడ పెట్టిన్రు, అందుకే మా దిక్కు పెద్దోళ్ళు ఇప్పటికీ మిలిటరీది అంటరు. 1981 దాకా నడిచింది, తర్వాత బంద్. మొత్తం 1875 ఎకరాలు ఉండె అప్పట్ల. అండ్లకెల్లి పోలీస్ ట్రైనింగ్ సెంటర్‌కు కొంత, బెటాలియన్‌కు కొంత, డెయిరీ ఫారంకు కొంత పోయి చివరికి ఎయిర్‌పోర్ట్ అథారిటీ చేతుల మిగిలింది 696 ఎకరాలు. అది సరిపోతలేదని మళ్ళ రైతుల కాడ 253 ఎకరాలు అడిగిన్రు. అంటే నేను పెరిగిన క్వార్టర్స్ కూడా ఒకప్పటి ఎయిర్‌పోర్ట్ జాగనే, మా మామ ఈ మాట ఎప్పుడూ ఎత్తిపొడుస్తడు, "మీరు కూసున్నది ఎవ్వరడగరు, మేం దున్నేది మాత్రం గావాలె" అని. నిజంగనే మిలిటరీ జాగ కావాల్నంటే ఆదిలాబాద్ చూడున్రి, అది ఎయిర్‌ఫోర్స్‌ది, సివిల్ విమానాలకు వాళ్ళు ఒప్పుకునే సరికి 2025 వచ్చింది.

రన్‌వే 1.8 కిలోమీటర్లు ఉంటది. నేను చేతక్ స్కూటర్ నేర్చుకున్నది దాని మీదనే. పగుళ్ళల్ల గడ్డి, రెండు దిక్కుల తుమ్మ చెట్లు, ఓ పక్కకు ఎవలో మక్కలు ఎండబోసుకునేటోళ్ళు. అంత పొడుగు ఖాళీ తారు ఉంటే కూడా పోయి పోయి అక్కడున్న ఒక్కగానొక్క బర్రెకు గుద్దిన, బర్రెకు ఏం కాలే, స్కూటర్ హెడ్‌లైట్ పోయింది, నాన్న తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. చిన్నప్పటి నుంచి ప్రతి ఎలక్షన్‌కు "వచ్చే ఏడాది గాలిమోటర్ దిగుతది" అని ఇనుడే. ఎందుకు దిగలే అంటే పైసలు ఒక్కటే కాదు, శంషాబాద్ కట్టినప్పుడు జీఎంఆర్ కంపెనీతోని ఒప్పందం, 25 ఏండ్ల దాకా 150 కిలోమీటర్ల లోపల ఇంకో ఎయిర్‌పోర్ట్ రావద్దని. మామునూరు ఆ గీత లోపలే పడ్డది. వాళ్ళు అభ్యంతరం లేదన్నంక 2025 ఫిబ్రవరి ఆఖరుకు కేంద్రం ఓకే అన్నది, మార్చిల మామునూరు కాడ ఇది మా వల్లనే వచ్చిందంటే మా వల్లనే అని రెండు పార్టీలోళ్ళు తోసుకున్నరు కూడా.

ఇగ అసలు గొడవ. 2024 నవంబర్‌ల భూసేకరణకు 205 కోట్లు మంజూరైనయ్. 253 ఎకరాలతోని భాగిస్తే ఎకరానికి 81 లక్షలు. వినడానికి పెద్దగనే ఉంటది, కానీ అక్కడ జాగ అమ్మేది ఎకరాల లెక్క కాదు గజాల లెక్క. తర్వాత రైతులు పట్టుబడితే 2025ల ఎకరానికి కోటీ 20 లక్షలు అన్నరు. ఎకరం అంటే 4840 గజాలు, గజానికి 2500 కూడా పడలే. అదే చుట్టుపక్కల వెంచర్ బోర్డు మీద ఏం రేటు రాసుందో ఫోన్ చేసి అడగున్రి ఒకసారి. 2013 భూసేకరణ చట్టంల ఊళ్ళల్ల భూమి అయితే మార్కెట్ విలువను రెండింతల దాకా గుణించొచ్చు, టౌన్ అయితే ఒక్క వంతే, ఆపైన ఎక్కడైనా ఆ వచ్చిన దానికి సమానంగ ఇంకో అంత కలిపి ఇస్తరు. మా దిక్కు ఊళ్ళను గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్ల కలిపినప్పుడు సంబురపడ్డోళ్ళకు ఇప్పుడు తెలుస్తుంది టౌన్‌ల ఉండుడు అంటే ఏందో. దానికితోడు మార్కెట్ విలువ అనేది రిజిస్ట్రేషన్ కాగితాల మీద రాసింది చూస్తరు, స్టాంప్ డ్యూటీ తగ్గుతదని మనమే తక్కువ రాయించుకుంటిమి కదా, అండ్ల మన తప్పు కూడా ఉంది.

మా మామది ఎకరం ముప్పై గుంటలు. లెక్క ప్రకారం రెండు కోట్ల పది లక్షలు. అండ్ల ఆయన తమ్ముని వాటా పోను, చెల్లెండ్లు ఇద్దరు (ఒకరు మా అమ్మ) సంతకం పెట్టాలె, మా అమ్మ ఏం అడగకుండనే పెట్టింది, చిన్నమ్మ పెట్టలే, ఆ కథ ఇంకోసారి. మిగిలినదాంతోని మళ్ళ భూమి కొనాలంటే నర్సంపేట దాటి పోవాలె, అరవై రెండేండ్ల మనిషి అక్కడ కొత్తగ బోరు వేసుకొని ఎవసం ఏం చేస్తడు. అందుకే కొందరు పైసలు వద్దు, భూమికి భూమి ఇయ్యిన్రి అన్నరు.

తోవ సంగతి పేపర్ల చిన్నగ వస్తది గానీ నాకు అదే పెద్దదనిపిస్తది. రన్‌వేను 2.8 కిలోమీటర్లు చేస్తే నక్కలపల్లి దిక్కు పోయే రోడ్డు మధ్యల తెగుతది. గుంటూరుపల్లి, గాడిపల్లి దిక్కు భూమి పోనోళ్ళకు కూడా ఇది తిప్పలే, ఎందుకంటే పొలం ఉంటది గానీ పొలానికి పోయే బాట ఉండది. ట్రాక్టర్ చుట్టు తిరిగి రావాల్నంటే కిరాయి పెరుగుతది, పత్తి ఏరే కూలోళ్ళు అంత దూరం రారు, ఇవ్వి ఏ పరిహారం లెక్కల రావు. వేరే రోడ్డు వేస్తమన్నరు. ముందు రోడ్డు వేసి తర్వాత మూసేస్తే ఏ రైతు అడ్డం పడడు అని నా ఉద్దేశం.

లాభం ఉందా అంటే ఉంది, కానీ మీరనుకునే లాభం కాదు. మా చెల్లె అమెరికా పోయిన్నాడు హన్మకొండల ఎనిమిదింటికి అన్నం తిని బయల్దేరినం, ఘట్‌కేసర్ కాడ ఓఆర్ఆర్ ఎక్కి శంషాబాద్ చేరేసరికి పన్నెండు అయింది, మామునూరు వచ్చినా ఆ తిప్పల మారది, విదేశం విమానం శంషాబాద్ కెల్లే. ఢిల్లీకో బెంగళూరుకో ముంబైకో నేరుగ ఉంటేనే మనకు పనికొస్తది, దానికి ఎయిర్‌బస్ దిగాలె, అందుకే అంత పొడుగు రన్‌వే, లేకుంటే డెబ్బై మంది పట్టే ఏటీఆర్ మాత్రమే. యేనుమాముల మార్కెట్ మిర్చి విమానంల పోతదనేటోళ్ళను మాత్రం నమ్మకున్రి, మిర్చి లారీలనే పోతది. కర్ణాటకల బీదర్ చూడున్రి, అది అసలైన ఎయిర్‌ఫోర్స్ బేసు, 2020ల బెంగళూరు విమానం మొదలైంది, మధ్యల బంద్ అయింది, మళ్ళ మొదలైంది. టర్మినల్ కట్టినంత మాత్రాన కంపెనీ విమానం నడపాలని ఏం లేదు, సీట్లు నిండాలె.

ప్లాట్ అంటరా, నేనైతే ఇప్పుడు కొనను. కొంటే మాత్రం సర్వే నంబర్ సేకరణల ఉందో లేదో చూసుకోండి, బిల్డింగ్ ఎత్తుకు ఎయిర్‌పోర్ట్ వాళ్ళ పర్మిషన్ కావాల్సి వస్తది, నాలుగంతస్తులు వేద్దాం అనుకునేటోళ్ళు అది ముందే కనుక్కోండి.

మొన్న దసరాకు పోయినప్పుడు మామ బోరు పైపు మీద సర్వేయర్లు ఎర్ర రంగుతోని నంబర్ వేసి ఉంది. పత్తి ఇంకా చేన్లనే ఉండె. "గాలిమోటర్ వస్తే రానీ అల్లుడా, ఈ రెండో ఏరుడు దాకా ఆగితే సాలు" అన్నడు, అని మోటరు స్టార్ట్ చేయనీకి పోయిండు.